బొగ్గుతో పోల్చి చూశారా?

ఏప్రిల్‌లో మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ వైవా అయిపోయింది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన సారు రిపోర్టు తిరగేసి, "గ్రాఫీన్ మీద వెండి నానో కణాలా, బాగుందయ్యా" అన్నారు. ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫ్‌లో ఒక పీక్ మీద వేలు పెట్టి అదేంటన్నారు, చెప్పాం. కాటలిస్ట్‌ని ఎన్నిసార్లు వాడారన్నారు, ఐదుసార్లన్నాం. ఈలోపు టీ వచ్చింది. అంతే. మార్కులు కూడా బాగానే పడ్డాయి.

ఆయన అడగాల్సిన ప్రశ్న ఒకటి మాత్రం అడగలేదు. అడిగి ఉంటే మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. దానికి జవాబు మా దగ్గర లేక కాదు. ల్యాబ్ నోట్‌బుక్‌లో తేదీతో సహా రాసి ఉంది. రిపోర్టులోనే లేదు. ఆ ప్రశ్న గురించే ఈ వ్యాసం. సాహిత్య క్లబ్ పత్రికలో కెమిస్ట్రీ గోల ఏంటని విసుక్కోకండి. కవితలు ఈ సంచికలో ఎలాగూ చాలానే ఉంటాయి.

సీఎస్‌ఈ, మెకానికల్ మిత్రుల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. పల్లాడియం, ప్లాటినం, వెండి లాంటి లోహాలు కొన్ని ఆర్గానిక్ రియాక్షన్లని బాగా వేగంగా నడిపిస్తాయి. పని జరిగేది లోహం పైపొర మీదే కాబట్టి ముద్దగా ఉన్న లోహం దండగ, లోపలున్న పరమాణువులన్నీ ఖాళీగా కూర్చుంటాయి. అదే లోహాన్ని నానో కణాలుగా చేస్తే పైపొర విపరీతంగా పెరుగుతుంది. కాకపోతే ఈ కణాలకి ఒక జబ్బు ఉంది. వదిలేస్తే ఒకదాన్నొకటి అంటుకుని మళ్ళీ ముద్దయిపోతాయి. అందుకని వాటిని దేనిమీదైనా దూరదూరంగా కూర్చోబెట్టాలి. ఆ ఆసరాని సపోర్ట్ అంటారు. దశాబ్దాలుగా ఫార్మా ప్లాంట్లలో నడుస్తున్న సపోర్ట్ యాక్టివేటెడ్ కార్బన్, అంటే బొగ్గు. పల్లాడియం ఆన్ కార్బన్ అనే నల్లపొడి పేరు వినని ఆర్గానిక్ కెమిస్ట్ ఉండడు.

ఇందులోకి గ్రాఫీన్ ఎలా వచ్చింది? 2004లో మాంచెస్టర్‌లో గీమ్, నొవొసెలొవ్ టేపుతో గ్రాఫైట్ పొరలు ఊడదీసి ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న రేకుని చూపించారు. 2010లో ఫిజిక్స్ నోబెల్ వాళ్ళకి వచ్చింది. తమాషా ఏంటంటే అదే ఏడాది కెమిస్ట్రీ నోబెల్ హెక్, నెగిషి, సుజుకిలకి వచ్చింది, పల్లాడియంతో కార్బన్‌కి కార్బన్‌ని జోడించే కప్లింగ్ రియాక్షన్లకి. ఒకవైపు అద్భుతమైన రేకు, ఇంకోవైపు అద్భుతమైన లోహం. పెళ్ళి చేసేద్దాం అని అందరికీ అనిపించడం సహజం. పైగా ఒక గ్రాము గ్రాఫీన్‌ని విడివిడి రేకులుగా పరిస్తే లెక్కప్రకారం 2630 చదరపు మీటర్లు. అంటే మన గ్రౌండ్‌లో ఉండేలాంటి వాలీబాల్ కోర్టులు పదహారు. ఈ 2630 అనే అంకె లేని ఇంట్రడక్షన్ నేను చదివిన పేపర్లలో చాలా అరుదు. మా రిపోర్టులో కూడా ఉంది, రెండో పేజీలో. నిజంగా ల్యాబ్‌లో తయారయ్యే పదార్థంలో రేకులు ఎండగానే అప్పడాల కట్టలా ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, ఆ అంకె దరిదాపులకి కూడా రాదు. ఆ ముక్క మేం రాయలేదు.

మేం చేసింది ఇది. 1958లో హమ్మర్స్, ఆఫమన్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతిలో గ్రాఫైట్ పొడిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేసి, కింద ఐసు పెట్టి, పొటాషియం పర్మాంగనేట్ చిటికెడు చిటికెడుగా కలపడం. తొందరపడి ఒకేసారి వేస్తే పేలుతుంది, కాబట్టి ఆ రెండు గంటలూ మా ముగ్గురిలో ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు. చివర్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయగానే ఆ బురదంతా బంగారు పసుపు రంగుకి తిరుగుతుంది. నాలుగేళ్ళ బీటెక్‌లో నేను చూసిన అందమైన దృశ్యం అదే. ఆ తర్వాతది నరకం. కడగాలి. ఫిల్టర్ పేపర్ మీద పోస్తే జిగురులా పట్టేసి నీళ్ళు దిగవు. సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పి, పైనీళ్ళు ఒంపేసి, మళ్ళీ నీళ్ళు పోసి తిప్పి, ఇలా నాలుగు రోజులు. సరిగ్గా కడగకపోతే పర్మాంగనేట్ తాలూకు మాంగనీసు లోపల ఉండిపోతుంది. రేపు అదే రియాక్షన్‌లో వేలు పెట్టినా ఆ క్రెడిట్ గ్రాఫీన్ ఖాతాలోకే వెళ్తుంది.

అలా వచ్చిన గ్రాఫీన్ ఆక్సైడ్ మీద సిల్వర్ నైట్రేట్, ఆపైన సోడియం బోరోహైడ్రైడ్. పల్లాడియం క్లోరైడ్ కొనే బడ్జెట్ మా డిపార్ట్‌మెంట్‌కి లేదు. తర్వాత పరీక్ష: పారా నైట్రోఫినాల్‌ని అమైనోఫినాల్‌గా మార్చడం. ఈ రియాక్షన్‌ని అందరూ ఎందుకు ఎంచుకుంటారో చెప్పనా? చిక్కటి పసుపు నీళ్ళు కళ్ళముందే రంగు పోయి తేటగా అవుతాయి. యూవీ మెషీన్‌లో 400 నానోమీటర్ల దగ్గర పీక్ కూలిపోతుంది, 300 దగ్గర కొత్తది లేస్తుంది. గ్రాఫ్ బ్రహ్మాండంగా ఉంటుంది. కాటలిస్ట్ లేకపోతే పసుపు అలాగే ఉంటుంది కాబట్టి ఫలితం నాటకీయంగా కూడా ఉంటుంది. అమైనోఫినాల్ నుంచి పారాసిటమాల్ వస్తుందని ఒక వాక్యం తగిలిస్తే సామాజిక ప్రయోజనం కూడా అయిపోతుంది. మాకు 9 నిమిషాల్లో 99 శాతం రంగు పోయింది. ఎగిరి గంతేశాం.

ఫిబ్రవరిలో మా సీనియర్ అక్కకి ఫోన్ చేశాను. పాశమైలారంలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ ఆర్ అండ్ డీలో పనిచేస్తోంది. గొప్పగా అంతా చెప్పాను. ఓపిగ్గా విని మూడు ప్రశ్నలు వేసింది.

"ఫిల్టర్‌లో దిగుతుందా తమ్ముడూ?"

"కష్టమే అక్కా, సెంట్రిఫ్యూజ్ చేస్తున్నాం."

"రెండు వేల లీటర్ల రియాక్టర్‌కి ఏం చేస్తారు మరి? సరే, కిలో ఎంత పడుతుంది?"

"..."

"పోనీలే. బొగ్గుతో పోల్చి చూశారా?"

చూడలేదు. మాకసలు ఆ ఆలోచనే రాలేదు. మేం చదివిన పేపర్లలో గ్రాఫీన్ మీద వెండిని పోల్చింది దేనితో? ఏమీ లేకుండా ఉన్న దానితో, లేదా సపోర్ట్ లేని వెండితో. పరుగు పందెంలో కాలు విరిగినవాడిని పక్కన నిలబెట్టి ఫస్ట్ వచ్చానన్నట్టు.

ల్యాబ్‌లో అలమరా పైఅరలో యాక్టివేటెడ్ చార్‌కోల్ సీసా ఒకటి ఎప్పట్నుంచో ఉంది. మా టీమ్‌లో అమ్మాయి దాన్ని దించి, అంతే వెండి, అదే పద్ధతి, అదే రోజు చేసింది. 11 నిమిషాలు. గ్రాఫీన్‌కి 9, బొగ్గుకి 11. బొగ్గు రియాక్షన్ నడపకుండా ఊరికే రంగుని పీల్చేసుకుంటోందేమో అని అనుమానమొచ్చి, వెండి లేని ఉత్త బొగ్గుతోనూ, ఉత్త గ్రాఫీన్‌తోనూ కూడా చూశాం. రెండూ రంగుని కొంత పీల్చుకున్నాయి కాని 300 దగ్గర పీక్ లేవలేదు, అంటే రియాక్షన్ లేదు. వెండి ఉన్నప్పుడు రెండింట్లోనూ లేచింది. కాబట్టి బొగ్గు నిజాయితీగానే గెలవబోయి రెండు నిమిషాల తేడాతో ఓడింది. నాలుగు రోజుల కడుగుడు లేదు, ఐసు లేదు, పేలుతుందన్న భయం లేదు. ఫిల్టర్ పేపర్ మీద పోస్తే చకచకా దిగిపోయింది.

మా రిపోర్టు టైటిల్లో 'అత్యుత్తమ' అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాట అప్పటికే ఉంది. సినాప్సిస్ సబ్మిట్ చేసేశాం. ఆ 11 నిమిషాల్ని ఏం చేయాలి? మీరనుకుంటున్నట్టు గైడ్ సారు వద్దనలేదు. అసలాయనకి చెప్పలేదు. మేం ముగ్గురమే క్యాంటీన్‌లో కూర్చుని, "ఇప్పుడెందుకులే" అనుకున్నాం. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక నిజాన్ని నోట్‌బుక్‌లో ఉంచేశాం, అంతే. ఇప్పుడు రాస్తుంటే ఈ 'అంతే' అన్న మాట నాకే నచ్చట్లేదు.

ఇంకోటి. ఐదుసార్లు వాడామని గర్వంగా పెట్టిన బార్ గ్రాఫ్. 99, 99, 98, 98, 96. ఐదోసారికి కూడా కేవలం మూడు శాతమే తగ్గింది అని రాశాం. వైవా అయ్యాక, సెలవుల్లో ఏమీ తోచక ఆ లెక్క మళ్ళీ వేశాను. బోరోహైడ్రైడ్ బాగా ఎక్కువ పోస్తాం కాబట్టి ఇది ఫస్ట్ ఆర్డర్ లెక్క, ఇంటర్‌లో నేర్చుకున్నదే. మొదటిసారి 9 నిమిషాల్లో 99 శాతం, అంటే రేటు నిమిషానికి 0.51. అయితే రీసైకిల్ చేసిన ప్రతిసారీ మేం సేఫ్‌గా ఉంటుందని 30 నిమిషాలు ఆగి కొలిచాం. 30 నిమిషాల్లో 96 శాతం అంటే రేటు 0.107. భాగించండి. ఐదో వంతు! మూడు శాతం తగ్గుదల అని మేం రాసింది నిజానికి దాదాపు ఎనభై శాతం తగ్గుదల. అందులో కొంత సెంట్రిఫ్యూజ్‌లో ఒలికిపోయిన పొడి వల్ల అయ్యుండొచ్చు, కొంత వెండి ముద్దకట్టడం వల్ల, కొంత కరిగిపోవడం వల్ల. ఏది ఎంతో కొలవలేదు. గ్రాఫ్ మాత్రం మట్టసంగా, ఒకే ఎత్తు మెట్లలా, చూడముచ్చటగా ఉంది.

రియాక్షన్ పూర్తయ్యేదాకా ఆగి కొలిస్తే ఏ కాటలిస్టైనా ముసలిది అయినట్టు కనపడదు. సగం దూరంలో, అంటే 40, 50 శాతం దగ్గర ఆపి కొలిస్తే అసలు వయసు బయటపడుతుంది. ఈ మాట కాటలిసిస్ చదివినవాళ్ళకి కొత్తదేం కాదు. అయినా నిండుగా లేచిన ఐదు బార్ల గ్రాఫ్ ఇప్పటికీ ప్రతి చోటా కనిపిస్తూనే ఉంటుంది.

కరిగిపోవడం అన్నాను కదా, ఈ రంగంలో అసలు కిటుకంతా అక్కడే ఉంది. పల్లాడియంతో చేసే సుజుకి, హెక్ కప్లింగ్‌లలో లోహం సపోర్ట్ మీద కదలకుండా కూర్చుని పనిచేస్తుందని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. ఆరైల్ హాలైడ్ వచ్చి తగలగానే పల్లాడియం పరమాణువులు కణం నుంచి ఊడి ద్రావణంలోకి దిగుతాయి, అక్కడ పని ముగించుకుని, రియాక్షన్ అయిపోయి చల్లారేసరికి మళ్ళీ వచ్చి సపోర్ట్ మీద కూర్చుంటాయి. ఆర్టీసీ డిపో లాగా. రాత్రి పదకొండింటికి డిపోకి వెళ్ళి బస్సులన్నీ లెక్కపెట్టుకుని, అన్నీ ఉన్నాయి కాబట్టి పొద్దుట్నుంచీ ఏ బస్సూ బయటికి వెళ్ళలేదు అంటే ఎలా ఉంటుంది? రియాక్షన్ చల్లారాక వడపోసి, నీళ్ళలో పల్లాడియం లేదు కాబట్టి లీచింగ్ లేదు అనడం కూడా అలాంటిదే. అందుకే హాట్ ఫిల్ట్రేషన్ అనే పరీక్ష ఉంది. రియాక్షన్ సగంలో ఉండగా, వేడి మీదే వడపోసి, కాటలిస్ట్ లేని ఆ ద్రావణాన్ని ఇంకాసేపు వేడిచేసి చూడాలి. రియాక్షన్ ఇంకా నడుస్తుంటే లోహం బయటికొచ్చేసినట్టే. అదొక్కటే సరిపోదంటారు, నిజమే, కాని కనీసం అదైనా ఉండాలి.

బయటికొచ్చే ఆ లోహం ఎంత ఉంటే చాలో తెలుసా? 2003లో లెడ్‌బీటర్ బృందం లోహమే అక్కర్లేకుండా సుజుకి లాంటి కప్లింగ్ జరుగుతోందని ప్రకటించింది. పెద్ద సంచలనం. రెండేళ్ళ తర్వాత, 2005లో, వాళ్ళే మళ్ళీ పరిశీలించి, తాము వాడిన సోడియం కార్బొనేట్‌లో 50 పీపీబీ పల్లాడియం ఉందని, పని చేసింది బహుశా అదేనని రాశారు. 50 పీపీబీ అంటే టన్ను సోడాలో 50 మిల్లీగ్రాములు. తమ సంచలనాన్ని తామే వెనక్కి తీసుకున్నారు. నాకు మొదటి పేపర్ కన్నా రెండో పేపరే ఇష్టం. 2021లో అలాంటిదే ఇంకోటి జరిగింది. సుజుకి కప్లింగ్‌ని లోహం లేకుండా ఒక అమీన్ నడిపిస్తోందని నేచర్ కాటలిసిస్‌లో వచ్చింది, ఆ ఏడాది తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు. ఆ అమీన్‌ని తయారుచేసేటప్పుడు వాడిన పల్లాడియం అందులో మిగిలి ఉంది.

ఇక గ్రాఫీన్ సంగతి. ప్రేగ్‌లో పుమెరా అనే ఆయన, ఇంకో ఇద్దరు కలిసి 2020లో ఏసీఎస్ నానోలో ఒక పేపర్ వేశారు. గ్రాఫీన్‌లో నైట్రోజన్ కలిపితే బాగుంది, గంధకం కలిపితే బాగుంది, భాస్వరం కలిపితే బాగుంది అని వందలకొద్దీ పేపర్లు వస్తుంటే విసిగిపోయి, పక్షి రెట్ట కలిపి చూశారు. రెట్టలో అవన్నీ ఉంటాయి కదా! రెట్ట కలిపిన గ్రాఫీన్ కూడా ఉత్త గ్రాఫీన్ కన్నా ఎలక్ట్రోకాటలిసిస్‌లో బాగా పనిచేసింది. పేపర్ టైటిల్లోనే ఆ బూతుకి దగ్గరి మాట ఉంది. నేను హాస్టల్లో చదివి గట్టిగా నవ్వాను. తర్వాత మా రిపోర్టు గుర్తొచ్చి ఆపాను.

ఇదంతా చదివి గ్రాఫీన్ ఉత్త బూటకం అని నేనంటున్నానని అనుకోకండి. గ్రాఫీన్ ఆక్సైడ్ మీద ఉండే ఆక్సిజన్ గ్రూపులు లోహపు అయాన్లని నిజంగానే పట్టుకుంటాయి, కణాలు చిన్నగా, సమంగా వస్తాయి. 2009లో జర్మనీలో ఫ్రైబుర్గ్ నుంచి మ్యూల్‌హౌప్ట్ బృందం గ్రాఫైట్ ఆక్సైడ్, గ్రాఫీన్‌ల మీద పల్లాడియం పెట్టి సుజుకి కప్లింగ్ చేసింది. గంటకి 39,000 దాటిన టర్నోవర్, 1 పీపీఎం లోపు లీచింగ్. ఆ పేపర్ని నేను గౌరవించేది ఆ 39,000 చూసి కాదు. వాళ్ళు దాన్ని మామూలు బొగ్గు మీది పల్లాడియంతో పోల్చి చూపించారు. పోల్చాక గెలిచింది కాబట్టి అది గెలుపు. అంతకుముందే 2002లో, గ్రాఫీన్ ఇంకా టేపుకి అంటుకోకముందే, మన తార్నాకలోని ఐఐసీటీలో చౌదరి, లక్ష్మీకాంతం గార్ల బృందం పొరలు పొరలుగా ఉండే హైడ్రాక్సైడ్ మీద నానో పల్లాడియం పెట్టి, మొండి క్లోరోఎరీన్లని కప్లింగ్ చేసి చూపించింది. అంటే సపోర్ట్‌కి గొప్పతనం ఫ్యాషన్ వల్ల రాదు. లోహానికీ దానికీ మధ్య ఏం జరుగుతోందో తెలిస్తే వస్తుంది.

ఇదంతా మనకెందుకంటారా? మన ఇళ్ళల్లో బీపీకి వేసుకునే లోసార్టాన్ మాత్రలో రెండు బెంజీన్ రింగులు చేతులు పట్టుకుని ఉంటాయి. 1994లో మెర్క్ కెమిస్టులు ప్రచురించిన తయారీ పద్ధతిలో వాటిని కలిపింది సుజుకి కప్లింగే. నోటితో వేసుకునే మందుల్లో పల్లాడియం రోజుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ నియమం. జీడిమెట్ల నుంచి పరవాడ దాకా మనలో సగంమంది కెమికల్ వాళ్ళు రేపు పనిచేయబోయేది ఈ మందులు తయారయ్యేచోటే. అక్కడ లీచింగ్ అంటే రిపోర్టులో ఒక పేరా కాదు, బ్యాచ్ పాసా ఫెయిలా అన్న మాట. అక్క మొదటే ఫిల్టర్ గురించి ఎందుకడిగిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. మేం గ్రాఫీన్ ఎంత వేగం అని చూస్తున్నాం, ఆవిడ అది రియాక్టర్లోంచి మొత్తం బయటికొస్తుందా లేదా అని చూస్తోంది.

దీనికి మా క్లాస్‌మేట్ ఒకడు అప్పుడే సమాధానం చెప్పాడు. "బీటెక్ ప్రాజెక్టురా, పీహెచ్‌డీ కాదు. నేర్చుకోవడానికి చేస్తాం. ఇవన్నీ చూడ్డానికి మెషీన్లెక్కడున్నాయి?" సగం నిజమే. లోహం పీపీఎంలలో కొలిచే యంత్రం మన దగ్గర లేదు, బయట శాంపిల్‌కి డబ్బులు అడుగుతారు. కాని బొగ్గు సీసాకి డబ్బులక్కర్లేదు. 30 నిమిషాలకి బదులు 4 నిమిషాలకి కొలవడానికి అస్సలు ఖర్చు లేదు, టైమ్ మిగులుతుంది కూడా. వేడి మీద వడపోయడానికి ఒక గరాటు, ఒక పేపరు చాలు. మనం ఇవి చేయనిది డబ్బుల్లేక కాదు, వచ్చే జవాబు నచ్చదేమోనన్న భయంతో. నేర్చుకోవడానికే అయితే ఆ 11 నిమిషాల్లోనే మేం ఎక్కువ నేర్చుకున్నాం. రిపోర్టులో రాసిన 60 పేజీల్లో అంత లేదు.

డిపార్ట్‌మెంట్‌ని నేను కోరేది ఒక్కటే. ప్రాజెక్ట్ రివ్యూ ఫారంలో ప్లేజియరిజం శాతానికి గడి ఉంది, గ్రాఫ్‌ల రిజల్యూషన్‌కి కూడా సూచన ఉంది. 'దేనితో పోల్చారు, ఓడిన చోట ఎంత' అని ఇంకో గడి పెట్టండి. దానికి మార్కులు వేయండి. బొగ్గు చేతిలో గ్రాఫీన్ ఓడిపోయిందని రాసిన రిపోర్టుకి కూడా ఎస్ గ్రేడ్ రావచ్చని తెలిస్తే క్యాంటీన్‌లో మాలాంటి మీటింగులు జరగవు.

మా సంగతి ఏం చేశామంటే, గత వారం గైడ్ సారుకి రెండు పేజీలు మెయిల్ చేశాం. ఒకదాంట్లో బొగ్గు రీడింగులు, ఇంకోదాంట్లో ఐదోసారి రేటు లెక్క. ఆయన ఫోన్ చేసి, "ముందే చెప్పుంటే టైటిల్ మార్చేవాళ్ళం కదయ్యా" అన్నారు. లైబ్రరీ కాపీలో అతికించడానికి ఒప్పుకున్నారు. టైటిల్ మాత్రం అలాగే ఉంటుంది, బంగారు అక్షరాలతో బైండింగ్ అయిపోయింది.

వచ్చే బ్యాచ్ ఇదే టాపిక్ తీసుకుంటోందని విన్నాను, ఈసారి రాగితో. నోట్‌బుక్ ల్యాబ్ అసిస్టెంట్ అన్న దగ్గర ఇచ్చాను, బొగ్గు వివరాలు 47వ పేజీ నుంచి ఉంటాయి. సీసా అలమరా పైఅరలోనే ఉంది, ఇంకా సగం పైనే మిగిలింది. మూత కొంచెం గట్టిగా పట్టేసింది, గుడ్డతో పట్టుకుని తిప్పండి.